‘పుటింగ్ అప్ విత్ మై ఆంటీ’ అన్న, ముగ్గురు నవ్విండ్రు. తప్పేడున్నది?

పరకాల పిల్ల · సోమవారం రాత్రి 9:12

అన్నలు, అక్కలు, జర చెప్పి పుణ్యం కట్టుకోండ్రి. మధ్యాహ్నం సంది మనసున వడ్తలేదు.

ఇయ్యాల హైదరాబాద్‌ల ఓ కంపెనీ ఇంటర్వ్యూకు పోయిన. పేరు చెప్ప, ఇంకా రిజల్టు రాలే. టెక్నికల్ రౌండు మంచిగనే అయింది. ఆఖర్ల హెచ్‌ఆర్ మేడం ‘వేర్ ఆర్ యూ పుటింగ్ అప్?’ అని అడిగింది. ఏడ ఉంటున్నవని అడుగుతున్నదని సమజైంది. మాది పరకాల. రెండు నెలల సంది ఉప్పల్‌ల పెద్దమ్మోళ్లింట్ల ఉంటున్న. ఆమె వాడిన మాటతోనే చెప్తే మంచిగుంటదని ‘ఐ యామ్ పుటింగ్ అప్ విత్ మై ఆంటీ సిన్స్ టూ మంత్స్’ అన్న.

నడిమిట్ల కూసున్న సారు నీళ్లు తాగుతుండె. పొలమారి దగ్గుడు వెట్టిండు. మేడం నవ్వాపుకుంట ‘హోప్ షీ ఈజ్ నాట్ దట్ బ్యాడ్’ అన్నది. నేను ‘నో మేడం, షీ ఈజ్ వెరీ గుడ్’ అన్న. ఇంకింత నవ్విండ్రు.

బయటికొచ్చి బస్సెక్కినంక ఫోన్ల చూస్తే పుట్ అప్ విత్ అంటే భరించుడు అని ఉన్నది. మరి ఆ మాట ముందుగాల ఆమెనే గద అన్నది? ఆమె అంటే తప్పు గానిది నేనంటే తప్పెట్లయితది?

కాజీపేట జంక్షన్ · సోమవారం రాత్రి 9:20

అంటే ‘రెండు నెలల సంది మా పెద్దమ్మతోని ఏగుతున్న సారూ’ అని చెప్పొచ్చినవన్నట్టు 😂 పాపం పెద్దమ్మ.

పరకాల పిల్ల · సోమవారం రాత్రి 9:22

నవ్వకు అన్నా. నాకు ఏడుపొస్తున్నది.

సుబేదారి సారు · సోమవారం రాత్రి 9:58

నవ్వినవాళ్లను నవ్వనీ బిడ్డా. నువ్వు అడిగిన ప్రశ్న మంచిది. ముప్పై ఏండ్లు ఇంగ్లిష్ చెప్పిన, తరగతిలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఒక చేతివేళ్లకు సరిపోరు.

ఆ మేడం వాడింది పుట్ అప్. అంటే దిగుడు, బస చేసుడు. వెనుకట ప్రయాణికులు సత్రంలో దిగితే ఇంగ్లిష్ వాళ్లు ఈ మాటే వాడేవాళ్లు. వాళ్ల దగ్గర ఇది నాలుగు రోజుల బసకే. మన దేశంలో దాన్ని సాగదీసి, సొంతిల్లు కట్టుకొని ఇరవై ఏండ్లు ఉన్నవాణ్ణి కూడా వేర్ ఆర్ యూ పుటింగ్ అప్ అని అడుగుతున్నం. మన ఆఫీసుల్లో అది చెల్లుతది. లండన్‌లో అడిగితే ‘నా ఇంట్లనే ఉంటున్న గదా’ అని ఎగాదిగా చూస్తరు.

నువ్వు పలికింది పుట్ అప్ విత్. ఇది మూడు మాటలు ముడివడిన ఇంకో క్రియ. ఓర్చుకొనుడు అని అర్థం. నీ మనసులో కత్తెర ‘పుటింగ్ అప్’ తర్వాత పడ్డది, ‘విత్ మై ఆంటీ’ పక్కకు పోయింది. వినేవాళ్ల చెవిలో కత్తెర ‘విత్’ తర్వాత పడ్డది. అక్షరం తేడా లేదు, కోసిన చోటు తేడా. ఇంగ్లిష్ చెవికి ఆ మూడు మాటలు వరుసగా వినపడ్డయంటే ముడి దానంతట అదే పడిపోతది. నీ మనసులో ఏమున్నదో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఐ యామ్ స్టేయింగ్ విత్ మై ఆంట్ అంటే ఏ గొడవా లేదు. పుట్ అప్ అనే మాట మీద అంత మోజుంటే పెద్దమ్మను కర్తను చెయ్యి. ‘మై ఆంట్ ఈజ్ పుటింగ్ మీ అప్.’ ఆమె నాకు ఉండ జాగ ఇచ్చింది అని. అందులో ‘మీ’ నడుమ దూరింది చూసినవా, అదే గుర్తు.

ఇంకొకటి, వాళ్లు నవ్వులో పట్టించుకోలేదు గానీ, సిన్స్ టూ మంత్స్ కాదు, ఫర్ టూ మంత్స్. దానితో ‘హావ్ బీన్’ రావాలె. అది ఇంకో రోజు.

బెజవాడ కోడలు · సోమవారం రాత్రి 10:15

సారు చెప్పిన కత్తెర విషయం మన తెలుగులోనూ ఉందండి. పెళ్లింటి గుమ్మానికి మావిడాకులు కట్టారు అని రాసి, కాస్త ఎడం ఇచ్చామంటే మా విడాకులు అయిపోతుంది. చిన్నప్పుడు మా తెలుగు టీచరు బోర్డు మీద రాసి చూపించేవారు.

ములుగు రోడ్డు · సోమవారం రాత్రి 10:19

అక్కా, మా దిక్కు మామిడాకులు అంటం. అందుకే మాకు విడాకుల భయం లేదు.

బెజవాడ కోడలు · సోమవారం రాత్రి 10:21

హన్మకొండ వచ్చి పదకొండేళ్లయింది, ఈ ఊరి వాళ్లతో మాటలో గెలవలేనని ఒప్పుకున్నాను 🙏

గ్రూప్స్ పిల్లగాడు · సోమవారం రాత్రి 10:40

సార్, ఒక డౌట్. నా నోట్‌బుక్‌ల పుట్ అప్ విత్ అంటే టాలరేట్ అని ఒక్క లైన్ రాసుకున్న. పుట్ ఆఫ్‌ను ‘పుట్ ఇట్ ఆఫ్’ అని విడగొడ్తం గద, వాయిదా వేసుడుకు. అట్లనే ‘పుట్ ఇట్ అప్ విత్’ అనొచ్చా?

సుబేదారి సారు · మంగళవారం ఉదయం 6:05

అనొద్దు. పుట్ ఆఫ్ నడుమ సందున్నది, మాట దూరుతది. పుట్ అప్ విత్ నడుమ సూది కూడా దూరదు. ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్, అంతే. ఎవరిని ఓర్చుకుంటున్నవో, దేన్ని ఓర్చుకుంటున్నవో అది చివరికే రావాలె. నామవాచకం రావచ్చు, ఇంగ్ రూపం రావచ్చు. ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ హిజ్ షౌటింగ్.’ దాని తర్వాత ‘టు’ రాదు, ‘దట్’ నేరుగా రాదు. దట్ కావాల్నంటే ‘ద ఫ్యాక్ట్ దట్’ అని మెట్టు వేసుకోవాలె.

భూతకాలం కూడా పుట్ అనే. పుటెడ్ అని రాసిన పేపర్లు నా చేతుల మీదుగా ఎన్ని పోయినయో. పలికేటప్పుడు బట్, కట్ లెక్క పట్ అనొద్దు. ఫుట్ లెక్క పుట్. ఊనిక ‘అప్’ మీద పడాలె.

ఈ ముడి గురించి ఒక పాత ముచ్చట. వాక్యం చివర విత్, టు లాంటి మాటలు రావొద్దని ఇంగ్లండ్‌లో చాదస్తపు పండితులు ఉండేవాళ్లు. ఆ రూల్ పాటిస్తే ఎంత వికారమైతదో చూపెట్టడానికి ఎవరో ‘అప్ విత్ విచ్ ఐ విల్ నాట్ పుట్’ అని ఎద్దేవా చేసిండ్రు. చర్చిల్ అన్నడని లోకమంతా చెప్పుకుంటది, ఆయనే అన్నడనడానికి గట్టి ఆధారం లేదు. ఎవరన్నా గానీ, ముడి విప్పితే మాట ఎట్ల నడుం విరుగుతదో అందులో కనపడ్తది.

ములుగు రోడ్డు · మంగళవారం ఉదయం 8:30

ఇదంత నాకు గ్రామర్ బుక్కుతోని సమజైతుండెనో లేదో గని, మేడారం జాతరతోని సమజైంది.

మా ఇల్లు ములుగు రోడ్డు మీదనే. రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరంటే మాకు దేవుడెంతనో చుట్టాలంత. పోయిన జాతరకు పదునాలుగు మంది దిగిండ్రు. కరీంనగర్ సంది మేనత్తోళ్లు, మంచిర్యాల సంది బామ్మర్దోళ్లు, వాళ్ల ఎంబడి వాళ్ల పక్కింటోళ్లు. బాత్రూం ఒక్కటే. నాలుగింటికే బకెట్లు లైన్ల పెట్టుడు. ఎత్తు బంగారం అని బెల్లం తెచ్చి ఫ్రిజ్ పక్కకు పెట్టిండ్రు, తెల్లారేసరికి హాలంత చీమలు. మా మేనమామ గురక పెడ్తే కూలర్ శబ్దం వినపడది. ఆయనను లేపే ధైర్యం ఎవ్వరికి లేదు, ఎందుకంటే మేకపోతు కొనుక్కొచ్చింది ఆయన.

మా పెద్దోడు ఇంజినీరింగ్. వాడు ఫోన్ల దోస్తుకు అంటుండె, ‘వి పుట్ దెమ్ అప్ ఫర్ త్రీ డేస్.’ ఇంట్లకెళ్లి మా ఆవిడ అరిచింది, ఆమె డిగ్రీ ఇంగ్లిష్ లిటరేచర్, ‘నో, వి పుట్ అప్ విత్ దెమ్ ఫర్ త్రీ డేస్.’

చెల్లే, ఇగ జన్మల మర్చిపోవు.

పరకాల పిల్ల · మంగళవారం ఉదయం 8:41

😂😂 అన్నా, గిది స్క్రీన్‌షాట్ తీసుకున్న. మీ మేనమామ ఈడ లేడు గద?

ఫైళ్ల మనిషి · మంగళవారం ఉదయం 10:50

సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంటును. మీరంత ఒక్క పుటప్‌ను మర్చిండ్రు. మా కాడ పొద్దున లేస్తే పుటపే. ‘ఆ ఫైలు పుటప్ చేసినవా?’ ‘నిన్ననే పుటప్ చేసిన సార్, పైన ఉన్నది.’ అంటే నోట్ రాసి, వచ్చిన కాయితాలుండే కరెంట్ ఫైలు జతచేసి పై అధికారి ముందట పెట్టుడు. ఇంగ్లిష్ రానోళ్లు సుత ఈ మాట తెలుగు మాటే అనుకుంటరు. మా అటెండర్ ‘పుటప్ అయింది’ అంటడు, అన్నం ఉడికింది అన్నట్టు.

అసలు తమాషా ఇది. ఫైలు అరకొరగ పోతే పై సారు పక్కన ఏం రాస్తడో తెలుసా? ‘ప్లీజ్ పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్.’ పాత కాయితాలు జతచేసి మళ్ల పెట్టు అని. సుబేదారి సారు లెక్కల చూస్తే ‘దయచేసి పాత కాయితాలను ఓర్చుకొనుము’ అని ఆర్డర్!

నౌకరీల కొత్తగ చేరినప్పుడు డిక్షనరీ చూసి నేను నిజంగనే అట్లనే అనుకున్న. 2 రోజులు ఫైలు కదిలియ్యలే. సూపరింటెండెంటు పిలిచి ‘ఏమైందయ్యా’ అంటే ‘ఓపిక పట్టుమన్నరు గద సార్’ అన్న. అప్పటి సంది రెండేండ్లు నా పేరు ఓపిక.

సుబేదారి సారు · మంగళవారం ఉదయం 11:20

శభాష్. ఇది నాకు తట్టలేదు. ఇక్కడ కూడా కత్తెర ‘అప్’ తర్వాతే. పుట్ అప్ అంటే సమర్పించుడు, విత్ పేపర్స్ అంటే కాయితాలతో సహా. ఆఫీసు ఇంగ్లిష్ తెలిసినవాడు పొరపడడు. నిఘంటువు ఒక్కటే నమ్ముకున్నవాడికి ‘ఓపిక’ అని పేరు పడ్తది.

బెజవాడ కోడలు · మంగళవారం మధ్యాహ్నం 1:05

ఇంతకీ తెలుగులో దీనికి సరైన మాట ఏది? పరకాల పిల్ల ఫోన్‌లో భరించడం అని వచ్చిందన్నారు. నాకూ అదే సరిపోతుందనిపిస్తోంది.

కాజీపేట జంక్షన్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

భరించుడు జర బరువు మాటక్కా. నొప్పి భరిస్తం, నష్టం భరిస్తం. పెండ్లి ఖర్చు ఎవరు భరించిండ్రు అంటం. ఆ ఖర్చు కాడ పుట్ అప్ విత్ పెడ్తే కుదరది, అక్కడ బేర్ రావాలె. పుట్ అప్ విత్ల ఇసుగు ఉంటది. రోజు గింత రోజు గింత. కాజీపేట ప్లాట్‌ఫారం మీద రైలు లేటైతే మనం చేసేది భరించుడు గాదు, ఓర్సుకొనుడు.

ములుగు రోడ్డు · మంగళవారం మధ్యాహ్నం 1:42

మా అవ్వ సైసుకో అంటుండె. ‘జర సైసుకో బిడ్డా, ఆళ్లు ఉంటరా పోతరా’ అని. చుట్టాలొచ్చినప్పుడే.

గ్రూప్స్ పిల్లగాడు · మంగళవారం మధ్యాహ్నం 2:00

అడ్జస్ట్ అయ్యుడు అంటే అయిపోదా? అందరం అదే అంటం గద.

బెజవాడ కోడలు · మంగళవారం మధ్యాహ్నం 2:25

లేదు తమ్ముడూ, ఈ విషయంలో నేను గట్టిగా నిలబడతాను. అడ్జస్ట్ అయ్యానంటే నేను మారాను అని. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇక్కడి కారం, జొన్నరొట్టె, మా అత్తగారి పొద్దున్నే రేడియో, వీటిలో రొట్టెకి అడ్జస్ట్ అయ్యాను. ఇప్పుడు నేనే చేస్తాను, గుండ్రంగా వస్తుంది కూడా. రేడియోని మాత్రం పదకొండేళ్లుగా పుట్ అప్ విత్ చేస్తున్నాను. నేను మారలేదు, అది మారలేదు, నోరు మూసుకున్నాను అంతే. రెంటికీ ఒకటే మాట ఎలా సరిపోతుంది?

సుబేదారి సారు · మంగళవారం సాయంత్రం 5:10

కోడలమ్మ చెప్పినంత బాగ ఏ పుస్తకంలో రాయలేదు.

నా వరకైతే కాజీపేట తమ్ముడు నిన్న నవ్వులాటకు అన్న మాటే అసలైనది. ఏగుడు. పుస్తకాల్లో వేగు. పొయ్యి మీద మిరపకాయ వేగుతది, మంచి మనిషి చెడ్డ మనిషితోని వేగుతడు. నీతోని ఏగలేను అంటే ఐ కాంట్ పుట్ అప్ విత్ యూ. పోలిక చూడుండ్రి. ఇంగ్లిష్‌లో విత్ ఉన్నది, మన దాంట్లో తోని ఉన్నది. అది ఎక్కువగా కాంట్‌తో వస్తది, మనది ఎక్కువగా లేనుతో వస్తది. ‘హౌ డూ యూ పుట్ అప్ విత్ హిమ్?’ ‘వానితోని ఎట్ల ఏగుతున్నవే?’ ఇంతకన్న దగ్గరి జోడీ నాకు దొరకలేదు. సంతోషంగా ఏగుతున్న అని ఎవ్వరూ అనరు, నవ్వుతూ ఓపిక పట్టే చోట మాత్రం ఓర్చుకొనుడు రావాలె.

తేడా ఒక్కటే. మనకు పెద్దమ్మతోని ఉంటున్న, పెద్దమ్మతోని ఏగుతున్న అని క్రియ వేరే ఉన్నది కాబట్టి తోని ఒకటే అయినా మోసం జరగదు. వాళ్లకు క్రియ కూడా ఒకటే అయి కూర్చున్నది.

కాజీపేట జంక్షన్ · మంగళవారం రాత్రి 8:45

సారూ, మోసం మన దాంట్ల సుత జరుగుతది. నాకే జరిగింది. నవ్విన పాపానికి చెప్తున్న.

నౌకరీ కొత్తల బోడుప్పల్‌ల అక్క బావోళ్లింట్ల ఏడాదిన్నర ఉన్న. హాల్ల దివాన్ కాట్ నాది. బావ పొద్దున న్యూస్ పెడ్తె నిద్ర లేసుడు, రాత్రి సీరియల్ అయిపోతే పండుడు. అక్క మంచిగనే చూసుకున్నది, అబద్ధం చెప్పొద్దు. ఒకనాడు ఊరికెళ్లి చిన్ననాటి దోస్తు ఫోన్ చేసిండు. ‘ఏడుంటున్నవ్ రా’ అంటే ‘అక్కోళ్లింట్ల పడి ఉంటున్న’ అన్న. మామూలుగ అంటం గద, నలుగురు అన్నట్టే అన్న. వాని పక్కకు మా అమ్మ ఉన్నదని నాకేం తెలుసు. ఫోన్ గుంజుకొని ‘పడి ఉంటున్న అంటే ఏందిరా? అక్క అన్నం పెడ్తలేదా? బావ ఏమన్న అన్నడా?’ అని ఏడుపు. ఆడికెళ్లి ఫోన్ పెట్టి ఈడ అక్కకు చేసింది. నేను ఆఫీసుకెళ్లి ఇంటికొచ్చేసరికి అక్క మొఖం ఇంత లావు చేసుకొని కూసున్నది. నాలుగు రోజులు నాతోని మాట లేదు. కూర మాత్రం గిన్నెల పెట్టి మూత పెడుతుండె.

పడి ఉండుడు అంటే ఉండుడా, ఓర్సుకొనుడా? రెండూ. చెల్లె ఇంగ్లిష్‌ల అన్నది అచ్చం గదే మాట. ఆమెకు ముగ్గురు నవ్విండ్రు, నాకు నాలుగు రోజులు సల్లటి కూర.

ములుగు రోడ్డు · మంగళవారం రాత్రి 8:52

అందుకే నిన్న అంత పెద్దగ నవ్వినవా 😄

సుబేదారి సారు · మంగళవారం రాత్రి 9:15

ఓడిపోయిన. పడి ఉండుడును నేను లెక్కలోకే తీసుకోలేదు.

గ్రూప్స్ పిల్లగాడు · మంగళవారం రాత్రి 9:30

నా నోట్‌బుక్‌ల ఒక్క లైన్ ఉన్నది రెండు పేజీలైంది. ఇంకొకటి అడుగుత, తిట్టొద్దు. పుట్ అప్ టు అని కూడా కనపడ్డది. ‘హూ పుట్ యూ అప్ టు దిస్?’

ఫైళ్ల మనిషి · మంగళవారం రాత్రి 9:36

నీ వెనుక ఉండి ఎగేసింది ఎవర్రా అని. పిల్లలు పక్కింటి గంట కొట్టి ఉరికితే అడిగేది గదే. మంచి పనికి వాడరు. దీంట్ల మాత్రం మనిషి నడుమల దూరుతడు.

పరకాల పిల్ల · గురువారం రాత్రి 10:05

అందరికి థాంక్స్. రెండు ముచ్చట్లు.

ఒకటి, ఆ కంపెనీ రాలే. మెయిల్ వచ్చింది. పెద్దమ్మ వల్లనా, జావా కోడింగు వల్లనా తెల్వది. జావానే అనుకుంటున్న.

రెండు, ఇదంత నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు పెద్దమ్మకు చెప్పిన. దాచుడెందుకని. ఇంగ్లిష్ మాటకు అర్థం ఏందన్నది. ‘నీతోని ఏగుతున్న అని చెప్పిన్నట పెద్దమ్మా’ అన్న. చారు గంటె చేతుల పట్టుకొని నన్ను జర సేపు చూసింది. ‘పొద్దుగాల అర్ధగంట గీజరు నడిపిస్తవు. తడి తువ్వాల మంచం మీద ఏస్తవు. బెండకాయ తినవు. రాత్రి పన్నెండింటి దాకా లైటు తియ్యవు. ఏగేది నువ్వా?’ అన్నది. పెదనాన్న పీట మీదికెళ్లి పడ్డంత పని చేసిండు నవ్వి నవ్వి.

సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉన్నది. ‘మై ఆంట్ ఈజ్ పుటింగ్ మీ అప్’ అని అద్దం ముందట పదిసార్లు అనుకున్న. పెద్దమ్మ వంటింట్లకెళ్లి విని, ‘అండ్ విత్ అని సుత అను’ అన్నది. పొద్దున పెదనాన్నతోని నేర్చుకున్నదట.

సుబేదారి సారు · శుక్రవారం ఉదయం 5:50

‘షీ ఈజ్ పుటింగ్ మీ అప్, అండ్ పుటింగ్ అప్ విత్ మీ.’ వ్యాకరణం సరిగ్గా ఉన్నది. అట్లనే చెప్పు. పెద్దమ్మకు నా నమస్కారాలు.